రసీదు మీది సంతకం

పోయినవారం మనం లీయెట్ సిర్వాని బాంగర్ ఊళ్ళో, ఫెడరల్ కోర్టులో, సాక్షి కుర్చీలో కూర్చోబెట్టి, చేతిలో ఓ అట్టముక్క పెట్టి వదిలేశాం. పాపం, వారం రోజులుగా అలాగే కూర్చుని ఉంది. మధ్యలో పుట్టింటికి వెళ్ళి రెండు సంచికలు పోగొట్టుకున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి ఆవిణ్ణి లేపుతాను.

లీయెట్‌కి అరవై మూడేళ్ళు. ఉత్తరాన, నది గట్టున ఉన్న సెంట్ ఒదీల్ అనే బంగాళాదుంపల ఊళ్ళో బడిపిల్లలకి వండిపెడుతుంది. భర్త ఫెర్నాండ్, పల్లెటూరివాళ్ళకి ప్రభుత్వమిచ్చే ఇంటి అప్పు తీసుకుని గుట్ట మీద ఇల్లు కట్టాడు. ఇరవై ఆరేళ్ళు బుద్ధిగా వాయిదాలు కట్టి, ఆఖర్న మానేసి, ఆ సంగతి పెళ్ళానికి చెప్పకుండా, ఊపిరితిత్తులు పాడై, నిరుటి ఫిబ్రవరిలో పోయాడు. కుర్రతనంలో సైన్యంలో చేశాడు కనక శవపెట్టె మీద జెండా కప్పి, దాన్ని ముక్కోణంగా మడిచి లీయెట్ చేతుల్లో పెట్టి, దేశం తరఫున కృతజ్ఞతలు చెప్పారు. మూడు నెలలు తిరక్కుండా అదే దేశం తరఫున ఇంకో మనిషి గుమ్మంలోకొచ్చి ఇంకో కాగితం చేతిలో పెట్టాడు. "వాది: అమెరికా సంయుక్త రాష్ట్రాలు. ప్రతివాది: లీయెట్ సిర్వా" అని ఉంది దాని మీద. యాభై రాష్ట్రాలూ ఒక పక్క, ఆవిడొక్కతీ ఒక పక్క. ఇల్లు జప్తు చేసి వేలం వేస్తామని దాని సారాంశం.

ఉచిత న్యాయసహాయం వాళ్ళు పంపిన లాయరు హాల్వర్సన్ చిన్నపిల్ల. కాగితాలన్నీ చదివి ఒక్కటే పట్టుకుంది. దావాకి ముందు భార్యాభర్తలిద్దరికీ విడివిడిగా నోటీసు అందాలి, బాకీ సర్దుకోవడానికి నెల గడువివ్వాలి. లీయెట్‌కి నోటీసన్నదే రాలేదు. రాలేదని రుజువైతే దావా కొట్టేస్తారు. అప్పుడు ఆవిడ జీతానికి తగ్గట్టు కొత్త వాయిదాలు కుదర్చవచ్చు. ఇల్లు నిలుస్తుంది.

సరిగ్గా అక్కడే, పోయినవారం, ప్రభుత్వ వకీలు ట్రాస్క్ తపాలా రసీదొకటి తీసి లీయెట్ చేతికిచ్చాడు. నోటీసు ముట్టినట్టు దాని మీద సంతకముంది: లీయెట్ సిర్వా అని. ఆ సంతకం లీయెట్‌ది కాదు. కాని ఎవరిదో చూడగానే తెలిసిపోయింది. ఆ మాట నోటిదాకా వచ్చేలోపు జడ్జిగారు గోడ గడియారం చూసి, భోజనానికి గంటసేపు వాయిదా అన్నారు.

"మీరు సాక్ష్యం మధ్యలో ఉన్నారు. ఈ గంటా నేను మీతో కేసు సంగతి మాట్లాడకూడదు," అంది హాల్వర్సన్ మెట్ల మీద. "ఏదన్నా తినండి. దేవుడి దయవల్ల మనం బాగానే ఉన్నాం. ఆ సంతకం మీది కాకపోతే వాళ్ళ దగ్గర ఇంకేం లేదు." అనేశాక, ఇది కేసు సంగతేనని తోచి నాలిక కరుచుకుని, పరుగులాంటి నడకతో వెళ్ళిపోయింది.

కోర్టు వెనకాల కాలవ గట్టున ఒక బల్ల మీద ఎర్మాన్స్ వదిన అప్పుడే పొట్లం విప్పి కూర్చుంది. ఫెర్నాండ్‌కి అక్క, పెళ్ళి చేసుకోలేదు, డెబ్భై ఒకటి దాటింది. తుంటి మార్పించుకున్నాక కూడా కారు మాత్రం తనే నడుపుతుంది. ఈ కేసు మొదలైనప్పటినుంచి లీయెట్‌ని వాయిదాలకి నాలుగుసార్లు ఊరినించి బాంగర్‌కి తీసుకొచ్చింది. పోనూ రానూ ఎనిమిది గంటలు. పెట్రోలు డబ్బులిస్తానంటే తిట్టింది.

"కూచో. తిను," అంది ఎర్మాన్స్. బక్‌వీట్ గింజల పిండితో పోసి ఒక్క వైపే కాల్చే అట్లు, ఆ ఊరివాళ్ళు ప్లోయ్‌లంటారు. లోపల పందిమాంసం ముద్ద పులిమి చుట్టలు చుట్టి తెచ్చింది. "పొద్దున మూడున్నరకి లేచావు. ఖాళీ కడుపుతో అబద్ధమన్నా సరిగ్గా రాదు."

"నేను అబద్ధాలాడ్డానికి రాలేదు వదినా."

"నిన్నన్నానా? ఆ వకీలు సంగతి. ముక్కు చీదుకుంటూ ఎలా అడుగుతున్నాడో చూశావా? దేశానికి జలుబు చేసినట్టుంది."

మామూలుగా అయితే లీయెట్ నవ్వేది. అట్టు చేతిలోకి తీసుకుంది, కొరకలేదు. కాలవలో ఎర్రటి ఆకులు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి.

"నాకిచ్చిన రసీదు చూశాను," అంది.

"చూస్తావు మరి. చూడ్డానికేగా ఇచ్చింది."

"సంతకం కూడా చూశాను."

"కళ్ళజోడు మార్పించుకోమని ఎన్నిసార్లు చెప్పాను నీకు? ఆ అద్దాలతో నీకు జడ్జీ కనపడడు, గోడా కనపడదు."

"ఎస్ అక్షరం కింద తోక కనపడింది వదినా. గాలం కొక్కెంలా వంకర తిరిగి, చివర పైకి లేచిన తోక. సన్యాసినుల బడిలో వేళ్ళ మీద కొట్టి నేర్పించారని మీరే చెప్పారు. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా క్రిస్మస్ కార్డుల మీద చూస్తున్నాను దాన్ని."

ఎర్మాన్స్ పొట్లం కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది. మళ్ళీ విప్పింది.

సెంట్ ఒదీల్‌లో ఇదేం వింత కాదు. ఆ ఊళ్ళో ఇంటింటికీ టపా రాదు. వంతెన పక్కనున్న తపాలా గదికి ఎవరు వెళితే వాళ్ళు తమ వాళ్ళందరి ఉత్తరాలూ తెచ్చేస్తారు. రిజిస్టరు ఉత్తరమైతే కిటికీలోంచి గుమాస్తా క్లోవిస్ రసీదు తోస్తాడు. ఉత్తరం ఎవరి పేర ఉంటే ఆ పేరు రాసి పుచ్చుకోవడమే. వాళ్ళ పేరు రాయక మన పేరెందుకు రాస్తాం, ఉత్తరం మనది కాదు కదా? అదీ ఆ ఊరి తర్కం. క్లోవిస్ కూడా సిర్వాలకి దగ్గర చుట్టమే, అతనికీ అందులో తప్పు కనపడలేదు. సిర్వాల ఉత్తరాలు ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఎర్మాన్సే తెస్తుంది. ఆవిడ తుంటికి కోత పడ్డ శీతాకాలం మటుకు లీయెట్ తెచ్చింది. మందుల పార్సెలు వచ్చినప్పుడల్లా లీయెట్ కూడా ఎర్మాన్స్ సిర్వా అని వదిన పేరు చక్కగా రాసి పుచ్చుకుంది. ఆ తోకతో సహా.

"ఎప్పుడొచ్చింది?" అడిగింది లీయెట్.

"ముందటేడు దుంపల సెలవుల్లో. నువ్వు తట్టల లెక్కకి వెళ్ళావు ఆ రోజుల్లో." దుంపలు తీసే మూడు వారాలూ ఆ ఊళ్ళో బడి మూసేస్తారు, పిల్లాజెల్లా పొలాల్లోనే ఉంటారు. "రెండు కవర్లు. ఒకటి వాడి పేర, ఒకటి నీ పేర. రెంటికీ నేనే సంతకం పెట్టాను. కవరు మీద వాషింగ్టన్ సర్కారు ముద్ర, ఆ గద్ద బొమ్మ చూసి పింఛను తాలూకేమో అనుకున్నా."

"నాకెందుకు ఇవ్వలేదు?"

"ఇద్దామనే పెట్టుకున్నా. ఇంతలో కాఫీకి వాడొచ్చాడు నా దగ్గరికి. టేబులు మీద చూశాడు. చూసీ చూడగానే రెండూ తీసుకుని చొక్కా లోపల పెట్టుకున్నాడు. లీయెట్‌కి నేను చెప్తాలే అక్కా, అన్నాడు."

"మీరు నమ్మారు."

"మా తమ్ముడు. నమ్మక?"

లీయెట్ అట్టు పొట్లంలో పెట్టేసింది. ఫెర్నాండ్ అంతే. ఇంట్లో ఒక్క బల్బు మాడినా చెప్పేవాడు కాదు. కొత్తది పెట్టాక, ఇది మాడిపోయిందని పాతది చూపించేవాడు. మిల్లులో పని పోయినప్పుడు దాంతోపాటు బీమా కూడా పోయిందని, మందులు ఇంటి వాయిదా డబ్బులతో కొంటున్నాడని, ఆవిడ జీతం కూడా అక్కడే కరిగిందని ఆవిడకి తెలిసింది ఆయన పోయాక, కోర్టువాళ్ళ కాగితాల్లోనే. ఊపిరి అందక రాత్రిళ్ళు మంచం మీద కూర్చుని ఉండేవాడు కదా, అప్పుడు చెప్పి ఉండాల్సింది. పక్కనే కూర్చుని వీపు రాస్తూనే ఉంది.

"పోనీ. మీకు తెలీక జరిగింది," అంది లీయెట్. ఆవిడ గొంతులో కోపం లేదు, అలసటే ఉంది. "కోర్టు కాగితం వచ్చిన రోజున చెప్పాల్సింది, అంతే. నాలుగుసార్లు నాలుగేసి గంటలు నా పక్కన కూర్చుని వాతావరణం గురించి మాట్లాడారు."

అక్కడితో అయిపోయి ఉంటే బావుండేది. ఎర్మాన్స్ కూడా తలూపి ఊరుకుని ఉంటే అయిపోయేది. కాని ముసలావిడ కాలవకేసి చూస్తూ, ఎవరో గొంతులోంచి లాగుతున్నట్టు, ఇంకో మాట బయటపెట్టింది.

"వాడు ఆ రోజే నన్ను డబ్బడిగాడు."

లీయెట్ ఆవిడకేసి తిరిగింది.

"చొక్కాలోంచి మళ్ళీ తీసి, కవరు చింపి చదివాడు. నెలలోపల సర్దితే ఏం చెయ్యరట అక్కా, అన్నాడు. ఎంతో చెప్పాడు. ఉందా నీ దగ్గర, అన్నాడు."

"ఉందా?"

"నది పక్క పొలం చెక్క అమ్మి అప్పటికి రెండు నెలలు."

"అంటే ఉంది."

"ఉంది."

కాలవ అవతల ఎవరో కుక్కని పిలుస్తున్నారు. అది రావడం లేదు కాబోలు, పిలుస్తూనే ఉన్నారు.

"ఏమన్నారు ఆయనతో?"

ఎర్మాన్స్ చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "అమ్మానాన్నల్ని పదకొండేళ్ళు చూసింది నేను. మూత్రాలెత్తింది నేను. నాన్న గుట్ట తీసుకెళ్ళి వాడికి రాశాడు. పెళ్ళైనవాడు, వాడికి ఇల్లు కావాలి అన్నాడు. నాకేమో కారే కప్పున్న పాత కొంప, ఆ పొలం చెక్క. ఎవరన్నా నన్నడిగారా? వాడడిగాడా? అదే అన్నాను. నాన్న నీకు గుట్ట రాసినప్పుడు నన్నడిగావట్రా, ఇప్పుడెందుకు అడుగుతున్నావు, అన్నాను."

"ఆయనేమన్నాడు?"

"నవ్వాడు. దగ్గొచ్చింది. దగ్గు తగ్గాక, నిజమే అక్కా, అన్నాడు. లేచి కాఫీ కప్పు కడిగాడు. డెబ్భై ఏళ్ళ బతుకులో వాడు నా ఇంట్లో కప్పు కడగడం చూళ్ళేదు నేను. కడిగి, గుడ్డతో తుడిచి, బోర్లించి వెళ్ళిపోయాడు. రేపు వచ్చి మళ్ళీ అడుగుతాడు, ఓ మాట పడేసి ఇచ్చేద్దాం, అనుకున్నా. ఒట్టు లీయెట్. ఇద్దామనే అనుకున్నా. మళ్ళీ అడగలేదు."

లీయెట్ చేతులు కోటు జేబుల్లో పెట్టుకుంది.

"ఆ డబ్బు ఏం చేశావు?"

వదినని ఆవిడ "నువ్వు" అనడం ఇదే మొదలు. ఎర్మాన్స్ విన్నది. విని తల వంచుకుంది.

"ఇంటికి కప్పు వేయించాను."

"ఎర్ర రేకులు."

"అవును."

"బావుంది వదినా, ఇంక కారదు, అన్నాను నేను. నీ వాకిట్లో నిలబడి. ఫెర్నాండ్ కూడా నా పక్కనే ఉన్నాడు. చెయ్యెత్తి నీళ్ళు జారే వాలు ఎలా ఉండాలో నాకు చెప్తున్నాడు." లీయెట్ నవ్వబోయింది. అది నవ్వులాగా రాలేదు. "నా నోరు పడిపోనూ. రంగు కూడా మెచ్చుకున్నాను."

"తిట్టు. కొట్టు, నాకేం. అలా మాట్లాడకు."

"ఎలా మాట్లాడమంటావు?"

ఎర్మాన్స్ చేతిసంచీలోంచి రుమాలు తీసింది. తను తుడుచుకోలేదు, లీయెట్ ఒళ్ళో పెట్టింది. లీయెట్ దాన్ని తీసి మళ్ళీ ఆవిడ ఒళ్ళో పెట్టింది. ఇద్దరాడవాళ్ళూ ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకోకుండా ఆ ఉతికి ఇస్త్రీ చేసిన రుమాలుని అటూ ఇటూ మూడుసార్లు తిప్పారు. దారిన పోయే పెద్దమనిషొకాయన అదేదో ఆట అనుకుని టోపీ ఎత్తి నవ్వుతూ వెళ్ళాడు.

"సరే. ఇప్పుడు చెయ్యాల్సింది చూడు," అంది ఎర్మాన్స్, పెద్దరికం మళ్ళీ తెచ్చుకుని. "లోపలికెళ్ళి నా పేరు చెప్పెయ్. నా సంతకం కాదు, మా వదినది, అను. అయిపోయింది. ముసల్దాన్ని, నన్నేం చేస్తారు?"

"నిన్నేం చెయ్యరు. నన్ను చేస్తారు."

"అదేం?"

"లాయరమ్మ మొదటిరోజే అడిగింది. మీ టపా తెమ్మని మీరెవరికన్నా చెప్పారా, అని. చెప్పి ఉంటే వాళ్ళ చేతికొస్తే నా చేతికొచ్చినట్టేనట. చట్టం అలా చూస్తుందట."

"నువ్వేమన్నావు?"

"ఎవరికీ చెప్పలేదన్నాను. రాసి, నిజమని ప్రమాణం చేసి సంతకం కూడా పెట్టాను."

"నాకు చెప్పావు కదే! పెళ్ళైన కొత్తలోనే చెప్పావు. వదినా, వంతెన దాకా ఎలాగూ వెళతారుగా, మావి కూడా పట్టుకొచ్చెయ్యండి, అని."

"చెప్పాను. ఆ రోజు నువ్వు గుర్తు రాలేదు." లీయెట్ ఇప్పుడు నిజంగానే తెల్లబోయి చూసింది, తన మతిమరుపు తనకే కొత్తగా కనిపించినట్టు. "ఎవరికన్నా, అని అడిగింది వదినా. నువ్వు ఎవరో ఎలా అవుతావు? నువ్వు మా ఇంట్లో మనిషివి. ఎవరికన్నా అంటే పరాయివాళ్ళెవరన్నా అనుకున్నాను."

 ముందటేడు వేసవిలో గుట్ట మీది ఇంట్లో వంట వసారాలో నిలబడి ఈ ఇంట్లో నేనెవర్ని, పరాయిదాన్నేగా, అని దెప్పింది ఎర్మాన్సే.

"పోనీ ఎవరిదో తెలీదను," అంది చివరికి, గొంతు తగ్గించి.

"ప్రమాణం చేశాను."

"బైబిలు ఇవ్వలేదుగా. నేను చూస్తూనే ఉన్నా, చెయ్యెత్తమన్నారంతే."

"ఎత్తిన చెయ్యి దేవుడికి కనపడలేదంటావా?"

"ఆయనకి ఈ ఒక్క కేసే ఉందా ఏం?"

"ఉంది వదినా. నాకున్నది ఈ ఒక్క కేసే."

ఒంటిగంట కొట్టింది. లీయెట్ లేచి కోటు దులుపుకుంది. ఇల్లు కళ్ళ ముందుకొచ్చింది. దాని గొప్పలేం కాదు, దాని వంకర్లు. ఫెర్నాండ్ తనే పరిచిన వంటింటి నేల పల్లంగా వస్తుంది, బఠాణీ జారిపడితే పొయ్యి కిందికి దానంతటదే దొర్లుతుంది. ఇరవై ఏళ్ళు తిట్టింది ఆ నేల గురించి. ఎవరో వేలంలో కొనుక్కుని, మొదటి వారంలోనే పెరికేసి సమంగా వేయిస్తారు.

"నిజం చెప్తే ఇల్లు పోతుంది," అంది, ఎర్మాన్స్‌తో కాదు, కాలవతో. "ఆయన చెప్పకుండా పోగొట్టాడు. నేను చెప్పి పోగొట్టుకుంటాను."

ఎర్మాన్స్ ఏదో అనబోయింది. లీయెట్ అప్పటికే మెట్లెక్కుతోంది. ముసలావిడ తుంటి మీద చెయ్యి పెట్టుకుని, మిగిలిన అట్లు పొట్లం కట్టి, వెనకే కుంటుతూ వెళ్ళింది.

కోర్టు గది ఖాళీగానే ఉంది. ఇలాంటి కేసులకి జనం రారు. ఎత్తు పీట మీద జడ్జిగారు, పక్కన మాటలన్నీ యంత్రం మీద టైపు కొట్టే అమ్మాయి, తలుపు దగ్గర నీలం కోటు కాపలా మనిషి. వెనక బల్లల్లో ఎర్మాన్స్ ఒక్కతే, ఒళ్ళో సంచీతో.

మీరింకా ప్రమాణం మీదే ఉన్నారు, అని జడ్జిగారు గుర్తు చేశారు. మర్యాదస్తుడు. రోజూ చాలామంది ఇళ్ళు పోవడం చూసేవాళ్ళకి ఒకరకమైన మెత్తని గొంతు వస్తుంది, ఆసుపత్రివాళ్ళకి వచ్చినట్టు.

ట్రాస్క్ ముక్కు తుడుచుకుని లేచి, రసీదు మళ్ళీ లీయెట్ చేతికిచ్చాడు. "మిసెస్ సిర్వా, మీ చేతిలో ఉన్న రసీదు మీద పేరు చదువుతారా?"

"లీయెట్ సిర్వా."

"అది మీరు చేసిన సంతకమేనా?"

"కాదు."

హాల్వర్సన్ పెన్సిలు కింద పెట్టి వెనక్కి వాలింది. ఆ పిల్ల ముఖంలో సంతోషం లీయెట్ చూసింది. ఈ పిల్లకి నిజం చెప్పి ఉండాల్సింది. ఇది కూడా తెలీక మోసపోయినవాళ్ళలో చేరబోతోంది.

"పోనీ, ఎవరు చేశారో మీకు తెలుసా?"

"తెలుసు."

పెన్సిలు మళ్ళీ చేతిలోకొచ్చింది. జడ్జిగారు కాగితాల మీంచి తలెత్తారు.

"ఆ పేరు అడిగేముందు ఇంకో ప్రశ్న," అన్నాడు ట్రాస్క్. జలుబు చేసినా తెలివైనవాడే. దారి ఎటు పోతోందో కనిపెట్టాడు. "మీ తరఫున టపా తీసుకునే అనుమతి మీరు ఎవరికైనా, ఎప్పుడైనా, నోటిమాటగా అయినా ఇచ్చారా? లేదని మీరు ప్రమాణపత్రంలో రాశారు. ఆ మాట మీదే ఉన్నారా?"

లీయెట్ రసీదుని ముందున్న బల్ల మీద పెట్టింది. చేతులు ఒళ్ళో ముడుచుకుంది.

"మా ఊళ్ళో టపా..." అని మొదలుపెట్టింది.

"ఆవిడివ్వలేదు!"

గదిలో అందరూ వెనక్కి తిరిగారు. ఎర్మాన్స్ నిలబడింది. సంచీ కింద పడింది, దాంట్లోంచి అట్ల పొట్లం జారి బల్లకిందికి పోయింది. ఆవిడ చూళ్ళేదు.

"అమ్మా, కూర్చోండి. మీరెవరో తెలీదు," అన్నారు జడ్జిగారు.

"నేను ఎర్మాన్స్ సిర్వాని. ఆ సంతకం నాది బాబూ. దానికి తెలీదు. అది నాకెప్పుడూ చెప్పలేదు, తెమ్మని అడగలేదు. నేనే దొంగతనంగా పెట్టాను. దాని పేరు నేను దొంగిలించాను. ఇల్లు దానికి దక్కకూడదని చేశాను, నాకు గుట్ట రాలేదన్న కడుపుమంటతో. రాసుకోండి."

టైపు కొట్టే అమ్మాయి రాసుకుంటూనే ఉంది. అది దాని పని.

"వదినా!" అంది లీయెట్.

"నువ్వు నోర్మూసుకో!" అంది ఎర్మాన్స్. పెళ్ళైన కొత్తలో గిన్నెలు తోమడం నేర్పించినప్పటి గొంతు అది.

కాపలా మనిషి రెండడుగులు ముందుకేశాడు. జడ్జిగారు చెయ్యి చూపి ఆపారు. మెత్తని గొంతు కాస్త గట్టిపడింది. "అమ్మా, ఇంకొక్క మాట మాట్లాడకండి. మీరు చెప్తున్నది నిజమైతే అది నేరం. చిన్న నేరం కాదు. మీకు లాయరు కావాలి. అర్థమవుతోందా?"

"నాకు లాయరెందుకు? నేను కాదంటేగా."

ట్రాస్క్ రుమాలు ముక్కు దగ్గరే ఆగిపోయింది. హాల్వర్సన్ సగం లేచి నిలబడి, అభ్యంతరం చెప్పాలో వద్దో తేల్చుకోలేక అలాగే ఉండిపోయింది. కేసు గెలిపించే సాక్ష్యం దానంతటదే వెనక బల్లల్లోంచి లేచి నిలబడితే ఏం చెయ్యాలో న్యాయకళాశాలలో చెప్పి ఉండరు.

ఎర్మాన్స్ లీయెట్‌నే చూస్తోంది. బతిమాలుతున్నట్టు లేదు ఆ చూపు. బాకీ తీర్చడానికొచ్చిన మనిషి గుమ్మంలో నిలబడి, తీసుకోవే, మళ్ళీ తిరగలేను, అన్నట్టుంది. ఆవిడ ముందు బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

జడ్జిగారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. కుర్చీ లీయెట్ వైపు తిప్పుకున్నారు.

"ఆవిడ మాటలు ప్రమాణం మీద చెప్పినవి కావు. మీరు ప్రమాణం మీద ఉన్నారు. అందుకని మిమ్మల్నే అడుగుతున్నాను, మిసెస్ సిర్వా. ఆలోచించుకునే చెప్పండి. ఆవిడకి మీరెప్పుడూ అనుమతి ఇవ్వలేదన్నది నిజమేనా?"

అవునంటే గుట్ట మీద ఇల్లు నిలుస్తుంది, ఈ ముసలావిణ్ణి ఆ నీలం కోటు మనిషి చెయ్యి పట్టుకుని తీసుకెళతాడు. కాదంటే ఇల్లు పోయి, ఇద్దరూ కలిసి ఎర్మాన్స్ ఇంట్లో ఎర్ర రేకుల కింద బతకాలి. తమ్ముడికి లేదన్న డబ్బు రోజూ నెత్తి మీద ఉంటుంది. ఈ రెండూ లీయెట్‌కి తెలుసు. వెనక బల్ల పట్టుకుని నిలబడ్డ మనిషికీ తెలుసు.

గదిలో యంత్రం చప్పుడు ఆగింది. లీయెట్ ఎర్మాన్స్ మీంచి చూపు తిప్పుకుని, తన ముందున్న మైకుని రెండు చేతులా పట్టుకుని, నోటి దగ్గరికి లాక్కుంది.